అబిగయీలు సంతకం ఇంటికొచ్చింది

గురువారం ఎబినేజరు మెస్సులో చేపల పులుసు. పోర్టులో క్రేన్లు నడిపేవాళ్ళూ, కరెంటు ప్లాంటు నుంచి బొగ్గు మసితో వచ్చేవాళ్ళూ, ముత్తుకూరు రోడ్డు మీద పోయే లారీ డ్రైవర్లూ పదకొండున్నరకే వచ్చి బల్లల ముందు కూర్చుంటారు. నెల్లూరు పులుసు రుచంతా మామిడికాయలో ఉందని జనం కోతలు కోస్తారు గానీ, అసలు కిటుకు దాన్ని ఒక పూట ముట్టుకోకుండా వదిలేయడంలో ఉంది. అబిగయీలు బుధవారం సాయంత్రమే కాచి మూత పెట్టేసి, మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరినీ దాని చాయలకు రానివ్వదు. పదకొండేళ్ళుగా ఇదే వరస.

ఆ గురువారం ఆమె రెండో బంతికి అన్నం వడ్డిస్తుండగా లాజరస్ సైకిలు గోడకు ఆనించి లోపలికి వచ్చాడు. లాజరస్ చర్చిలో గంట కొట్టే మనిషి. తలుపులు తీయడం, చాపలు పరవడం, పండగకు రంగు కాయితాలు కట్టడం కూడా ఆయన పనే.

"అక్కా, నీ సంతకం వస్తా ఉండాది," అన్నాడు. "పంటపాళెం మలుపులో చూసినా. లారీలకి తప్పుకుంటా రోడ్డు వారగా నడస్తా ఉంది పాపం."

"నాదేనా?"

"నీదే. నీలం ఇంకు. 'బి' కొంచెం కుంటతా ఉంది."

గిన్నెలు తోముతున్న కామమ్మ తలెత్తకుండానే లెక్క కట్టింది. "పంటపాళెం నుంచంటే వచ్చేసరికి రెండవుద్ది. నువ్వు ముందు ఆ మూల బల్లకి అన్నం వెయ్యమ్మా, చెయ్యి ఎండిపోతా కూచోనుండారు."

అబిగయీలు వేసింది. ఆ తర్వాత ఎవరికి పులుసు పోసిందో, ఎవరికి పోయలేదో ఆమెకు గుర్తు లేదు. ఒక డ్రైవరుకు మూడు ముక్కలు పడ్డాయి. అతను నోరు మూసుకొని తినేశాడు.

అబిగయీలు సంతకానికి మొదటి నుంచీ ఆ గుణం ఉంది. సరైన కాయితం మీద పెడితే పెట్టినచోటే పడి ఉంటుంది. ఆమెను మోసం చేసే కాయితం మీద పెడితే మాత్రం ఒకటి రెండు రోజులు చూసి, అక్షరం వెనక అక్షరం కిందికి దిగి ఇంటిదారి పడుతుంది. ఎంత దూరమైనా నడిచే వస్తుంది. వచ్చి గడప ఎక్కి, ఆమె ఎడమ చేతి మీదికి పాకి, చోటు చూసుకొని పడుకుంటుంది. మర్నాటికి పచ్చబొట్టులాగా చర్మంలో ఇంకిపోతుంది.

మొదటిది పెళ్ళి రిజిస్టరు నుంచి వచ్చింది, పెళ్ళయిన నాలుగో రోజున. పెళ్ళికొడుకు సుశీల్ కుమార్‌కు గూడూరులో అప్పటికే పెళ్ళామూ ఇద్దరు పిల్లలూ ఉన్నారని ఆ పై వారం తెలిసింది. పాస్టరుగారు రిజిస్టరు తెరిచి, ఖాళీగా ఉన్న గీతను చూసి, "సరేనమ్మా" అని మూసేశారు. రెండోది గ్యాస్ ఏజెన్సీ అని చెప్పుకు తిరిగిన ఒక పెద్దమనిషి ఫారం మీద నుంచి వచ్చింది. మూడోది మహిళా సంఘం తీర్మానం నుంచి రాగానే, సంఘం పెద్దావిడ తానే వెనకాలే వచ్చి తప్పు ఒప్పుకొని, కాఫీ తాగి పోయింది. బ్యాంకులో అయితే అబిగయీలు సంతకం పెట్టిన కాయితాన్ని రెండు రోజులు విడిగా ఉంచి, ఆ తర్వాతే ముద్ర కొడతారు.

కామమ్మ చెప్పినట్టే రెండు గంటలకు సంతకం గడప దగ్గరికి చేరింది. బల్లలు ఖాళీ అయి ఉన్నాయి. దుమ్ము కొట్టుకొని, అలిసిపోయి, 'కె. అబిగయీలు' గడప మీద కాసేపు ఆగింది. ఆమె కింద కూర్చొని ఎడమ చెయ్యి చాపింది. అది ఎక్కి, మహిళా సంఘం సంతకం పైన ఖాళీలో సర్దుకుంది.

ఈ నెలలో ఆమె పెట్టినవి రెండే సంతకాలు. ఒకటి మెస్సుకు కొత్త కరెంటు మీటరు కావాలని పెట్టిన అర్జీ. రెండోది అన్న జీవానందం వీలునామా. కరెంటు అర్జీయే అయి ఉండాలని ఆమె మనసులో ప్రార్థన చేసుకుంది. ఇంతవరకూ ఎవరూ కరెంటు వాళ్ళు తనను మోసం చెయ్యాలని ప్రార్థన చేసి ఉండరు. లైన్‌మన్‌కు ఫోన్ చేసింది.

"నీ అర్జీ నా చేతిలోనే ఉందక్కా," అన్నాడతను. "సంతకం బంగారం మాదిరి ఉంది. మీటరు సోమారం వచ్చేస్తుంది."

అబిగయీలు ఫోను బల్ల మీద బోర్లించి పెట్టి, చాలాసేపు దాని పక్కనే కూర్చుంది.

వీలునామా రాయించింది అంతకు ముందు సోమవారమే. ఆ రోజు ఆమె క్రిస్మస్‌కు తప్ప తీయని పట్టుచీర కట్టుకుంది. అన్నను ఆటోలో ఎక్కించుకొని, రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా డాక్యుమెంట్లు రాసే చెంచురామయ్య కొట్టుకు తీసుకుపోయింది. జీవానందం హెడ్‌మాస్టరుగా చేసి దిగిన మనిషి. భార్య పోయింది, పిల్లల్లేరు. పదకొండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. అప్పటి నుంచీ ఆయనకు స్నానం, గుడ్డలు, మందులు, అన్నం అన్నీ అబిగయీలే. రోడ్డు మీద ఆయనకున్న ముప్పై అంకణాల స్థలంలో ముందు వైపు రేకులు దింపి మెస్సు పెట్టుకుంది. వెనక రెండు గదుల్లో అన్నాచెల్లెళ్ళు ఉంటారు.

వీలునామాలో ఆ ముప్పై అంకణాలూ, మెస్సూ, ఇల్లూ చెల్లెలు అబిగయీలుకు. అల్లూరు దగ్గర రెండెకరాల రొయ్యల గుంట, మిగిలిన సమస్తం తమ్ముడు ఫ్రెడ్డీకి. చెంచురామయ్య గట్టిగా చదివి వినిపించాడు. ఆ తర్వాత సాక్షులెవరన్న మాట వచ్చింది.

"ఒకరు లాజరస్," అన్నాడు జీవానందం. "రెండో సాక్షి మా చెల్లెలే. ఇంట్లో మనుషులు సంతకం పెడితే రేపు ఎవరూ నోరెత్తరు."

ఆ మాట ఎవరికీ వింతగా తోచలేదు. ఆ వైపు పొలం అమ్మినా, ఇల్లు అమ్మినా, అన్నదమ్ముల చేతా కొడుకుల చేతా సాక్షి సంతకాలు పెట్టించడం వాడుక. సంతకం పెట్టినవాడు ఒప్పుకున్నట్టు లెక్క. అబిగయీలుకైతే ఆ మాటకు కళ్ళు చెమర్చాయి. పదకొండేళ్ళలో అన్న ఆమెను నలుగురి ముందూ ముందుకు పిలిచింది అదే మొదటిసారి. పేరు ఎప్పటికన్నా నింపాదిగా రాసింది. వీలునామాను ఫ్రెడ్డీ వచ్చి నెల్లూరు తీసుకుపోయాడు, తన ఇంట్లో బీరువా గట్టిదని. సాయంత్రం అబిగయీలు మెస్సులో అందరికీ సేమ్యా పాయసం పెట్టింది, ఎందుకని అడిగితే ఊరికేనే అంది.

ఇప్పుడా పాయసం గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది.

మూడు గంటలకు చెంచురామయ్య కొట్టుకు పోయింది. చెంచురామయ్య పొదలకూరు వైపు రైతు కుటుంబం మనిషి. రోజూ బస్సులో వచ్చి దస్తావేజులు రాస్తాడు. తొమ్మిదేళ్ళుగా మధ్యాహ్నం భోజనం ఎబినేజరు మెస్సులోనే. ఆమె ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టింది. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకొని, దుమ్ము పట్టిన నాలుగో సంతకాన్ని చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"వచ్చేసిందా," అన్నాడు.

"అందులో మోసం ఏముంది చెంచురామయ్య గారూ? మీరు చదివినప్పుడు నేనూ విన్నా గదా."

"రాతలో మోసం లేదమ్మా. సాక్షిలో ఉంది." ఆయన బల్ల మీద కాయితాలు ఊరికే సర్దాడు. "మా హిందువుల వీలునామాలో సాక్షి సంతకం పెట్టినోడికి ఆస్తి రాసినా చెల్లుతుంది. మీ క్రైస్తవులకి చట్టం వేరే. సాక్షి సంతకం పెట్టినోళ్ళకి గానీ, వాళ్ళ మొగుడికో పెళ్ళానికో గానీ ఏం రాసినా అది చెల్లదు. వీలునామా చెల్లుతుంది. ఆ ఒక్క రాత చెల్లదు."

"అంటే నా ముప్పై అంకణాలు?"

"మిగిలిన దాంట్లో కలిసిపోతాయి."

"మిగిలిన సమస్తం ఫ్రెడ్డీకి," అంది అబిగయీలు, చదివినట్టుగానే.

చెంచురామయ్య తల ఊపాడు.

"మా అన్నకి ఇది తెలవదు గదా? తెలవక పెట్టించినాడు గదా?"

అబద్ధం చెప్పడానికి అదే మంచి సమయం. చెంచురామయ్య మంచివాడు కాబట్టి ఒక నిమిషం ఆలోచించాడు కూడా. "మేస్టారికి ముందే చెప్పినానమ్మా. రెండుసార్లు చెప్పినా. ఆమె సాక్షిగా వద్దు, వేరేవాళ్ళని పిలవండి అన్నా. మా చెల్లెలే ఉండాల అన్నాడు."

"నాకు చెప్పకూడదా?"

"రాయించుకునేది ఆయన. నేను రాసేవాణ్ణి."

"తొమ్మిదేళ్ళుగా నా చేతి అన్నం తింటా ఉండారే."

తర్వాత వారమంతా మెస్సులో ఆయనకు గోంగూర రెండోసారి పడలేదు. ఆయన అడగనూ లేదు.

పరాయివాడు మోసం చేస్తే మనిషికి కోపం వస్తుంది. అయినవాడు చేస్తే ముందు అనుమానం వస్తుంది, మనమే ఎక్కడో తప్పుగా విన్నామని. అబిగయీలు దారి పొడుగునా అన్నకు సాకులు వెతుకుతూనే నడిచింది. వయసు మీదపడింది, మతిమరుపు వచ్చింది, ఫ్రెడ్డీ ఒత్తిడి పెట్టి ఉంటాడు, చెంచురామయ్య చెప్పింది సరిగా వినపడి ఉండదు. ఇల్లు చేరేసరికి సాకులన్నీ అయిపోయాయి. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది ఆమె పని.

జీవానందం వసారాలో మంచం మీద దిండ్లకు ఆనుకొని పేపరు చదువుతున్నాడు. తప్పులు కనబడితే ఎర్ర పెన్నుతో దిద్దుతాడు, ఆ అలవాటు పోలేదు.

"అన్నా, నా సంతకం వచ్చేసింది."

ఆయన పేపరు దించలేదు. "ఏ సంతకం?"

"చెంచురామయ్య చెప్పినాడు."

పేపరు నెమ్మదిగా కిందికి దిగింది. జీవానందం చెల్లెలి మొహం చూడలేదు, ఆమె చేతి వైపు చూశాడు. "రాదనుకున్నా," అన్నాడు చివరికి. "కాయితంలో ఒక్క ముక్క అబద్ధం లేదు గదా. నేను నీకే రాసినా. చట్టం తీసేస్తే తప్పు నాదెట్టవుతుంది అనుకున్నా. సంతకానికి చట్టం ఏం తెలుస్తుందిలే అనుకున్నా."

ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి లెక్క అది. అబిగయీలుకు నవ్వు రాబోయి ఏడుపైంది. కొంగు అడ్డం పెట్టుకోకుండానే ఏడ్చింది.

"ఎందుకన్నా?"

"వాడు అడగతా ఉండాడు. రోడ్డు పక్క స్థలం, పోర్టు దగ్గర, ఇప్పుడు బాగా పలకతా ఉంది, మనింటి పేరు నిలబెట్టేది నేనే గదా అని. వాడికి కాదనలేకపోయినా. నీకేమో మొహం మీద లేదని చెప్పలేకపోయినా. నువ్వు అడిగినా బాగుండు. అడక్కుండా చేస్తా ఉంటివి. అది ఇంకా కష్టం." కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు మాట్లాడుతున్నాడు గానీ, ఆ ఇంట్లో కప్ప ఎవరో పాము ఎవరో ఆయన చెప్పలేదు. "ఎట్టాగూ నీకు తెలిసేది నేను పోయినాకే గదా అబిగయీ. అప్పటికి నేనుండను గదా."

"నేనుంటా గదన్నా," అంది అబిగయీలు.

ఆ మాటకు ఆయన తల వంచుకున్నాడు. కాసేపటికి తేరుకొని, హెడ్‌మాస్టరు గొంతుతో, తప్పు దిద్దేవాడిలాగా చెప్పాడు. "సరే, ఇంకోటి రాయిస్తా. ఈసారి నువ్వు సాక్షి సంతకం పెట్టొద్దు. లాజరస్, డాక్టరు గారు పెడతారు. అప్పుడు నిక్షేపంగా చెల్లుతుంది."

అబిగయీలు కళ్ళు తుడుచుకొని ఆలోచించింది. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది గానీ, వందమందికి వండే మనిషికి ఏది మిగులుతుందో ఏది చాలదో తొందరగానే తెలుస్తుంది.

"నేను పెడితే నాకు రాదు. పెట్టకపోతే నాకు తెలవదు," అంది. "నా సంతకం లేని కాయితం నన్ను మోసం చేస్తా ఉంటే, ఇంటికొచ్చి చెప్పేది ఎవరు? ఇయ్యాళ నాకు రాసి, రేపు ఫ్రెడ్డీకి ఇంకోటి రాస్తావు. ఆఖరున రాసిందే చెల్లుతుందంట గదా."

"నన్ను అంత నమ్మవా?"

"ఇయ్యాళ దాకా నమ్మినా."

మెస్సు ముందు నుంచి ఒక బొగ్గు లారీ పోయింది.

"బతికుండగానే నా పేర గిఫ్టు రిజిస్ట్రేషన్ చెయ్యి," అంది అబిగయీలు. "దాంట్లో పుచ్చుకునేదానిగా నేనూ సంతకం పెడతా. నిలిస్తే నిలుస్తుంది. నాకు ఇయ్యకూడదని నీ మనసులో ఉంటే సంతకం ఇంటికొచ్చేస్తుంది. అప్పుడు ఇద్దరికీ తెలుస్తుంది."

జీవానందం మంచి చెయ్యి దుప్పటిని గట్టిగా పట్టుకుంది. ఆయన మాట్లాడినప్పుడు గొంతు హెడ్‌మాస్టరుది కాదు.

"అంతా నీ పేర రాసేసినాక నువ్వు నన్ను బయటికి నెడితే?"

అప్పటిదాకా జరిగిందంతా ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. ఫ్రెడ్డీ మీద ప్రేమతో చేశాడనుకుంది, వాడికి భయపడి చేశాడనుకుంది. కానీ పదకొండేళ్ళుగా తన చేతి ముద్ద తింటూ, తన భుజం మీద బరువు వేసి బాత్రూముకు నడుస్తూ, లోపల లోపల ఈ మనిషి ఈ మాట అనుకుంటూనే ఉన్నాడా అని ఆమె గుండె తరుక్కుపోయింది. తడిగుడ్డతో గొంతు కోసినవాడు, తన గొంతు ఎవరు కోస్తారోనని తడుముకుంటున్నాడు. ఆమె బల్ల మీద నుంచి ఆయన ఫోను తెచ్చి చేతిలో పెట్టింది.

"ఫ్రెడ్డీకి చెయ్యి. స్థలం వాడిదే అయ్యేటప్పుడు, నిన్ను కూడా ఇప్పటినుంచే చూసుకుంటాడేమో అడుగు."

ఒంటి చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం జీవానందానికి కష్టం. ఎప్పుడూ స్పీకరు పెట్టి గుండె మీద ఉంచుకొని మాట్లాడతాడు. ఫ్రెడ్డీ వెంటనే ఎత్తాడు.

"అన్నా, నేనే చేద్దామనుకుంటా ఉండా. ఆ వీలునామాలో అక్క సంతకం లేదు. బీరువా తెరిస్తే ఖాళీగా ఉంది. లాయరుని కనుక్కున్నా. సాక్షి ఒక్కరే ఉంటే మొత్తం కాయితమే చెల్లదంట. అక్క చేత ఇంకోసారి పెట్టించు. ఆమెకేం చెప్పబాక, ఇంకు బాగలేదని చెప్పు."

అబిగయీలు మంచం పట్టె పక్కన నిలబడి వింటూనే ఉంది. జీవానందం కళ్ళు మూసుకున్నాడు.

"అది సరే ఫ్రెడ్డీ," అన్నాడు. "నేను నీ దగ్గరికి వచ్చి ఉందామనుకుంటా ఉండా. అక్కకి ఒంట్లో బాగుండటం లేదు."

అవతల ఫ్రెడ్డీ గొంతు తగ్గింది.

"ఇక్కడికా? మాది మూడో అంతస్తు గదన్నా. లిఫ్టు ఊరికే ఆగిపోతా ఉంటుంది. క్యాథరిన్ స్కూలుకి పోతే ఇంట్లో మనిషుండరు. క్రిస్మస్ కానీ, చూద్దాం. కావలి దగ్గర మంచి హోమ్ ఒకటి ఉందంట, బాగా చూస్తారంట, కనుక్కుంటా." తర్వాత గొంతు తేలికైంది. "అయినా అక్క ఉంది గదన్నా."

ఫోను ఆగిపోయాక కూడా జీవానందం గుండె మీదే ఉండిపోయింది. అబిగయీలు దాన్ని తీయలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఇంట్లో ఇద్దరు దొంగలను ఒక ఫోను పట్టేసింది, కానీ పట్టుబడ్డ పెద్ద దొంగ మొహం చూస్తే ఆమెకు సంతోషం కలగలేదు. సాయంత్రం ఎప్పటిలాగే ఆయన కాళ్ళకు నూనె రాసింది.

శనివారం పొద్దున ఆయనే అన్నాడు. "ఆటో పిలువు. చెంచురామయ్య దగ్గరికి పోదాం."

ఈసారి ఆమె పట్టుచీర కట్టుకోలేదు. కూరగాయలు తరిగిన చీరతోనే పోయింది. చెంచురామయ్య గిఫ్టు డీడు రాసి, తల ఎత్తకుండానే అడిగాడు. "సాక్షులెవరు?"

అబిగయీలు చెప్పింది. "లాజరస్, కామమ్మ. ఇద్దరికీ నా దగ్గరా ఏం రాదు, మా అన్న దగ్గరా ఏం రాదు."

"అట్టాంటోళ్ళే కావాల్సింది," అన్నాడు చెంచురామయ్య.

కామమ్మ వేలిముద్ర వేసి, మిగిలిన ఇంకు తలకు రాసుకుంది. జీవానందం కుడి చేత్తో సంతకం పెట్టాడు. ఆయన సంతకం ఎప్పుడూ అందంగానే ఉంటుంది. అబిగయీలు చివరన పెట్టింది. రిజిస్ట్రారు ముందు ఫోటోలు దిగారు, వేళ్ళు పెట్టారు, మధ్యాహ్నానికి పని అయిపోయింది.

ఆ తర్వాత అందరూ గడప వైపు చూడటం మొదలుపెట్టారు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రసంగం ముగిస్తూ అబిగయీలు వైపు చూసి, రాలేదా అన్నట్టు కనుబొమలు ఎత్తారు. ఆమె తల అడ్డంగా ఊపింది. సోమవారం లైన్‌మన్ మీటరు బిగిస్తూ గడపను ఒకసారి తొంగి చూశాడు. లాజరస్ రోజూ సైకిలు మీద మలుపు దాకా పోయి వచ్చి, రోడ్డు ఖాళీ అని చెప్పేవాడు. బుధవారం సాయంత్రం పులుసుకు చింతపండు పిసుకుతూ కామమ్మ తేల్చేసింది. "ఇంక రాదమ్మా. నిలిచిపోయింది. ఇల్లు నీదే."

అబిగయీలు సంతోషపడాల్సింది. కొంత పడింది కూడా. ముప్పై అంకణాల కింద నేల ఇప్పుడు తనది, రేపు ఎవరు వచ్చి ఖాళీ చెయ్యమన్నా కదలనక్కర్లేదు. అన్న ఒక్కసారైనా నిజంగా ఇచ్చాడని సంతకమే చెప్పింది. కానీ ఆ ఇచ్చిన రోజు నుంచీ జీవానందం వేరే మనిషైపోయాడు. పులుసులో ఉప్పు ఎక్కువైతే అనడం మానేశాడు. మంచినీళ్ళు అడగడానికి ఆమె ఖాళీ అయ్యేదాకా కాచుకునేవాడు. అన్నం పెడితే కంచం వైపు చూడకముందు ఆమె మొహం చూసేవాడు. చూసి, "థాంక్సమ్మా" అనేవాడు. పుట్టి బుద్ధెరిగి ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పని మాట అది. విన్నప్పుడల్లా ఆమెకు చెంప మీద కొట్టినట్టుండేది.

నిన్ను నేను బయటికి నెట్టనన్నా అని ఒక్క మాట అంటే సరిపోయేదేమో. ఆ మాట ఎన్నోసార్లు నాలుక దాకా వచ్చింది. పదకొండేళ్ళు చేసి చూపించిన దాన్ని ఇప్పుడు నోటితో చెప్పాలా అని కడుపు మండి, ప్రతిసారీ మింగేసింది.

గురువారం రెండో బంతి అయ్యాక ఆయనకు కంచంలో అన్నం, పులుసు, మామిడికాయ ముక్కతో ఒక పెద్ద చేప ముక్క పెట్టుకొని వసారాలోకి వెళ్ళింది. జీవానందం కంచం అందుకోలేదు.

"అబిగయీ, ఒకటి అడగతా. కోపం తెచ్చుకోవు గదా?"

"అడుగు."

"నన్ను చూసుకుంటానని ఒక కాయితం రాసి ఇస్తావా? ఊరికే. నా దగ్గర పెట్టుకుంటా. నీ సంతకం ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది."

ఆమె కంచం స్టూలు మీద పెట్టి లోపలికి పోయి, మెస్సులో నెల భోజనాల వాళ్ళ పేర్లు రాసుకునే పుస్తకంలోంచి ఒక తెల్లకాయితం చించుకొచ్చింది. మంచం పట్టె మీద పెట్టుకొని రాసింది. మా అన్న జీవానందాన్ని ఆయన ఊపిరి ఉన్నంత వరకు నా ఇంట్లోనే ఉంచుకొని, నా చేత్తోనే అన్నం పెడతాను. కింద సంతకం పెట్టింది. 'బి' ఎప్పటిలాగే కుంటుతూ నిలబడింది.

జీవానందం చదివాడు. ఎర్ర పెన్ను పక్కనే ఉన్నా దేన్నీ దిద్దలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాయితం మడవబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"సాక్షి లేకపోతే ఎట్టా?" అంది. "నువ్వే పెట్టన్నా."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. మామూలుగానే అడిగింది. పెన్ను ఆయన వేళ్ళ మధ్య పెట్టి, కాయితం కింద పేపరు మడిచి ఉంచి, కదలకుండా పట్టుకుంది. ఈ ఒక్కసారి అన్న తన మాటను నమ్మి, వెనకాముందూ చూడకుండా తన పేరు పక్కన పేరు రాస్తే చాలనుకుంది. రాస్తే జరిగిందంతా మరిచిపోదామనుకుంది, నిజంగానే అనుకుంది.

జీవానందం పెన్ను కాయితం మీద ఆనించాడు. ముప్పై ఏళ్ళలో ఎన్ని వేల ప్రోగ్రెస్ కార్డుల మీద చూడకుండా సంతకాలు గీకి ఉంటాడో ఆ చెయ్యి. ఒక చుక్క పడింది. అక్కడే ఆగిపోయింది. సాక్షి సంతకం పెట్టినవాళ్ళకు ఏమీ రాదన్న సంగతి ఆ ఇంట్లో ఆయనకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. చుక్క వెడల్పవుతూ ఉంటే పెన్ను పైకి లేచింది.

"లాజరస్ ఉన్నాడా బయట?" అని అడిగాడు, ఆమె వైపు చూడకుండా.

అబిగయీలు కాయితం మీద నుంచి చెయ్యి తీసేసింది.

"ఉండాడు. చెయ్యి కడుక్కుంటా ఉండాడు, పిలుస్తా," అంది. "నువ్వు ముందు అన్నం తిను, చల్లారిపోతా ఉంది."